సూది గుచ్చుకున్నాక ఆరు నెలలు: ఒక ల్యాబ్ టెక్నీషియన్ అనుభవం

నిన్న, అంటే 2026 ఫిబ్రవరి 18న, నా ఆఖరి హెచ్‌ఐవీ పరీక్ష అయింది. నాన్ రియాక్టివ్, అంటే అంటుకోలేదు. ఈ ఆరు నెలల్లో ఎవర్ని అడిగినా "వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి" అన్నవాళ్ళేగానీ, వెళ్ళాక ఏం జరుగుతుందో, ఎక్కడ కూర్చోబెడతారో, ఎంత ఖర్చవుతుందో చెప్పినవాళ్ళు లేరు. మా లైన్లో ఉన్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. నేను కాకినాడలో ఒక ప్రైవేటు డయాగ్నస్టిక్ సెంటర్లో పనిచేస్తాను. సెంటర్ పేరు చెప్పను. ఇంకా అక్కడే ఉద్యోగం చేస్తున్నాను మరి.

2025 ఆగస్టు 18, సోమవారం. సోమవారం ఉదయం కలెక్షన్ రూమ్ ఎలా ఉంటుందో అందులో చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆదివారం వాయిదా వేసుకున్న పరగడుపు షుగర్లు, థైరాయిడ్లు అన్నీ ఆ పూటే మీద పడతాయి. దానికి తోడు డెంగీ సీజన్. ఏడున్నరకే కుర్చీలు నిండిపోయాయి. ఏడూ నలభై ప్రాంతంలో నా ముందు కూర్చున్నాయనకి నలభై ఏళ్ళుంటాయి. మూడు రోజులుగా జ్వరమట, దుప్పటి కప్పుకునే వచ్చాడు. చీటీలో సీబీసీ (రక్తకణాల లెక్క), డెంగీ ఎన్‌ఎస్1 రాసున్నాయి.

మోచేతి మడతలో నరం బాగానే దొరికింది. మా సెంటర్లో వాక్యూమ్ ట్యూబులు కొంటారు గానీ వాటికి పెట్టే హోల్డర్లు కొనరు, ఖర్చెక్కువని. అందుకే సిరంజికి 21 గేజి సూది పెట్టి లాగి, తర్వాత ట్యూబుల్లో పోస్తాం. రక్తం వచ్చేసింది, బెల్టు విప్పేశాను, దూది ఆనించి సూది బయటికి తీస్తున్నాను. సరిగ్గా అప్పుడే ఆయనకి చలి వణుకు తన్నుకొచ్చింది. చెయ్యి ఎగిరి నా కుడిచేతికి కొట్టుకుంది. సూది నా ఎడమ చూపుడు వేలి కొసలో, గ్లవ్ మీంచి, గోరు పక్కన దిగింది.

నొప్పి పెద్దగా లేదు. చీమ కుట్టినట్టు చురుక్కుమంది, అంతే. గ్లవ్ మీద చిల్లు కూడా కనపడలేదు. విప్పి చూస్తే లోపల వేలి మీద ఆవగింజంత రక్తం.

ముందు సూదిని షార్ప్స్ డబ్బాలో పడేయాలని, తర్వాత కుళాయి దగ్గరికి పరిగెత్తాలని చేతులకి అలవాటుగా తెలిసింది, బుర్రకి మాత్రం ఏమీ తోచలేదు. పక్క కుర్చీలో ఉన్న సీనియర్ అక్క చూసి, నా చేతిలోంచి సిరంజి లాక్కుంది. "నువ్వెళ్ళి సబ్బుతో కడుక్కో. నొక్కకు, పిండకు" అని అరిచింది. కుళాయి కింద సబ్బు పెట్టి కడుగుతూనే ఉన్నాను. స్పిరిట్ పోసుకోవాలనిపించింది, బ్లీచ్ పోసుకోవాలనిపించింది. రెండూ కూడదు, చర్మం ఇంకా దెబ్బతింటుంది. నోట్లో పెట్టుకుని చప్పరించడం అసలే కూడదు. ఇవన్నీ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు డీఎంఎల్‌టీలో చదివినవే, పరీక్షల్లో రాసినవే. కానీ వేలు మనదైనప్పుడు పిండేసి రక్తమంతా బయటికి తీసేయాలనే అనిపిస్తుంది. అక్క అరవకపోతే పిండేదాన్నే.

ఈలోగా అక్క ఆయన శాంపిల్ పూర్తిచేసింది. సూది తీసేసి, ముందు పసుపు మూత జెల్ ట్యూబులో పోసి, తర్వాత ఊదా మూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) ట్యూబులో పోసి మెల్లగా తిప్పింది. ఆ వరస తప్పితే ఈడీటీఏలో ఉండే పొటాషియం సీరం ట్యూబులో కలిసి, లేని పొటాషియం పెరిగినట్టు, ఉన్న కాల్షియం తగ్గినట్టు చూపిస్తుంది. అంత గొడవలోనూ ఆవిడ వరస తప్పలేదు. ఆ పసుపు మూత ట్యూబు సంగతి మళ్ళీ చెప్తాను.

మేనేజర్‌కి చెప్తే మొదట అన్నమాట, "తొమ్మిదింటి దాకా చూసుకో, రష్ తగ్గాక వెళ్దువుగాని." ఆయనది దుర్మార్గమని అనను. ఏం చెయ్యాలో ఆయనకి తెలియదు, గోడ మీద ఒక కాగితం కూడా అంటించి లేదు. "మందు రెండు గంటల్లో పడాలండి" అని అక్క గొంతు పెంచాక గానీ కదల్లేదు. హెచ్‌ఐవీ అంటుకోకుండా వేసుకునే మందు అది. ఎలాగైనా 72 గంటలు దాటకూడదు, దాటితే ఆ మందు వేసుకున్నా లాభం లేదంటారు. మొదటి రెండు గంటల్లో అయితే అన్నిటికన్నా మేలు. ఎనిమిదిన్నరకి ఆటో ఎక్కాను. వంద రూపాయలు.

హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ తొమ్మిది దాటితేగానీ తెరవరని పెద్దాసుపత్రి గేటు దగ్గర తెలిసింది. ఇక్కడ చాలామంది వెనక్కి తిరిగి, మధ్యాహ్నం వద్దాంలే అనుకుంటారట. అక్కర్లేదు. ఇలాంటప్పుడు క్యాజువాలిటీకే వెళ్ళాలి, మొదటి డోసు అక్కడ ఉంటుంది. "నీడిల్ స్టిక్, ల్యాబ్ స్టాఫ్" అని చెప్పగానే డ్యూటీ డాక్టరమ్మ పక్కన కూర్చోబెట్టి వరసగా అడిగారు. ఎన్నింటికి గుచ్చుకుంది, బోలు సూదా కుట్లు వేసే సూదా, నరంలోంచి అప్పుడే తీసిందా, సూది మీద రక్తం కనిపించిందా, గ్లవ్ ఉందా, ఎంత లోతు. నరంలో ఉన్న బోలు సూది అంటే రిస్కు కాస్త ఎక్కువ లెక్క. గ్లవ్ సూది మీది రక్తాన్ని కొంత తుడిచేస్తుంది, అది నాకు మేలు. ధనుర్వాతం ఇంజెక్షన్ వేశారు. తొమ్మిదీ యాభైకి మాత్ర మింగాను, రెండు గంటల పది నిమిషాలకి. ఆ పది నిమిషాల కోసం మేనేజర్ని వారం పాటు మనసులో తిట్టుకున్నాను.

తర్వాత ఐసీటీసీకి, అంటే హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షలు చేసే చోటికి పంపారు. అక్కడి కౌన్సెలర్ యాభై ఏళ్ళావిడ. కూర్చోగానే మంచినీళ్ళిచ్చి "ఏడవాలంటే ఏడ్చెయ్యమ్మా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. నేను ఏడవలేదు, ఆవిడ లెక్కలు చెప్పాక ఏడ్చాను. హెచ్‌ఐవీ ఉన్న మనిషి రక్తమే అయినా, ఇలా సూది గుచ్చుకుంటే అంటుకునేది వెయ్యి మందిలో సుమారు ముగ్గురికి. హెపటైటిస్ బి అయితే, టీకా లేనివాళ్ళకి నూటికి ఆరు నుంచి ముప్పై దాకా. "మీరందరూ భయపడేది దానికి, భయపడాల్సింది దీనికి" అన్నారు. టీకా మూడు డోసులూ కోర్సులో ఉండగా వేయించుకున్నాను. కానీ ఒంట్లో రక్షణ వచ్చిందో లేదో చూసే టైటర్ పరీక్ష ఎవరూ చేయించలేదు, మా కాలేజీ గానీ, ఇప్పుడు పనిచేస్తున్న చోటు గానీ.

అదే రోజు నా రక్తమూ తీశారు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సీబీసీ, లివర్, కిడ్నీ కోసం క్రియాటినిన్. ఈ మొదటి పరీక్ష ఎందుకో చాలామందికి అర్థం కాదు. సూది వల్ల వచ్చింది ఆ రోజే కనిపించదు. ఆ రోజుకి నాకు ఏమీ లేదని రాతపూర్వకంగా ఉండాలి, రేపు ఏదైనా వస్తే ఉద్యోగంలో వచ్చిందని చూపడానికి. సంతకం పెట్టి చెయ్యి చాపాను. ఎన్నో వేల చేతులు పట్టుకున్నదాన్ని, నా చెయ్యి ఇంకొకరు పట్టుకుంటే ఇంత చల్లబడుతుందని తెలియదు. తీసిన అబ్బాయి స్పిరిట్ రాసి, అది ఆరేదాకా ఆగాడు. నేను గమనించాను. ఆరకముందే గుచ్చితే మంటా పుడుతుంది, శాంపిలూ చెడుతుంది. రష్‌లో అందరం ముందు మానేసేది ఆ అరనిమిషమే.

హెపటైటిస్ బి నుంచి రక్షణ ఉందో లేదో చూసే ఆ యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ మాత్రం బయట చేయించాను, ఎనిమిది వందల యాభై రూపాయలు. మర్నాడు సాయంత్రం వచ్చింది, 212. పది దాటితే చాలు. తక్కువుంటే ఇమ్యూనోగ్లోబులిన్ ఇంజెక్షన్ గురించి ఆలోచించాల్సి వచ్చేది. అది వేలల్లో ఉంటుంది, 24 గంటల్లో పడితే మేలు. అందుకే టైటర్ ముందే చూసుకుని కాగితం దాచుకోవాలి. ఆ ఒక్క అంకె చేతిలో ఉండుంటే ఆ రాత్రి నేను నిద్రపోయేదాన్ని. హెపటైటిస్ సి కి టీకా లేదు, ముందుగా వేసుకునే మందూ లేదు. ఒకవేళ వస్తే పన్నెండు వారాల మాత్రలతో చాలామందికి పూర్తిగా పోతుందని, ప్రభుత్వ ప్రోగ్రాంలో ఉచితమని డాక్టరు చెప్పారు. అది విన్నాక సి గురించి ఆలోచించడం మానేశాను.

ఇప్పుడు ఆ పసుపు మూత ట్యూబు.

ఎవరి రక్తమో ఆయన్ని పరీక్ష చేయించుకోమని అడగాలి. ఆయనకి లేదంటే నాకు మందు ఆపేయొచ్చు. ఆ మధ్యాహ్నానికే ఆయనకి ఎన్‌ఎస్1 పాజిటివ్ వచ్చింది, ప్లేట్‌లెట్లు 62 వేలు. సాయంత్రానికల్లా ఇంట్లోవాళ్ళు వేరే ఊరు పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళిపోయారు. మా సెంటర్ నుంచి ఫోన్ చేస్తే తమ్ముడు ఎత్తాడు. విషయం చెప్పగానే "మా అన్నయ్యకి అలాంటి రోగాలు లేవండి" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. తప్పు పట్టలేను. అన్న ప్లేట్‌లెట్లు పడిపోతుంటే ఎవరో ఫోన్ చేసి హెచ్‌ఐవీ అంటే ఎవరైనా అంతే.

కానీ ఆయన సీరం మా ఫ్రిజ్‌లో ఉంది. మేం మిగిలిన సీరం వారం దాకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచుతాం, ఎవరైనా రిపీట్ అడిగితే చెయ్యడానికి. జెల్ పైన లేత పసుపు రంగులో తేరుకున్న సీరం, ట్యూబు మీద ఆయన పేరు, ఐడీ, నేనే అంటించిన బార్‌కోడ్. పక్క అల్మరాలో హెచ్‌ఐవీ ర్యాపిడ్ కిట్లు. కార్డు మీద కాస్త సీరం, రెండు చుక్కల బఫర్, ఇరవై నిమిషాలు. మేనేజర్ మెల్లిగా అన్నాడు కూడా, "వేసేయ్ అమ్మా, ఎవరికి తెలుస్తుంది?"

రెండు రోజుల పాటు ఆ ఫ్రిజ్ తలుపు ఎన్నిసార్లు తీశానో. కౌన్సెలర్‌కి ఫోన్ చేసి అడిగాను. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఆ మనిషి తెలిసి ఒప్పుకోకుండా హెచ్‌ఐవీ పరీక్ష చెయ్యడం కుదరదని, చేసినా ఆ ఫలితం చూసి తాము మందు ఆపబోమని చెప్పారు. చట్టం కన్నా ఆ రెండో మాటే నన్ను ఆపింది, ఉన్నమాట చెప్పుకోవాలి. ఒకవేళ రెండు గీతలు, అంటే పాజిటివ్ వస్తే? ఆయనకి ఎవరు చెప్తారు, ఏమని చెప్తారు? ఆయనకే తెలియని సంగతి నాకు తెలిసి, నేను నోరు మూసుకుని తిరగాలి. రాకపోతే నేను సంతోషపడి మాత్రలు మానేస్తాను, డాక్టరు మానొద్దంటున్నా. ఎటు చూసినా నష్టమే. ఆగస్టు 25న మిగతావాటితో పాటు ఆ ట్యూబూ క్రిముల్ని ఆవిరితో చంపే ఆటోక్లేవ్‌లోకి వెళ్ళి, ఎర్ర సంచిలో పడింది. ఆ రోజు నేను వేరే సెక్షన్లో పని పెట్టించుకున్నాను.

అన్నట్టు అదే చట్టంలో ఇంకో సంగతి ఉంది. రక్తంతో పనిచేయించే సంస్థలు సిబ్బందికి రక్షణ సామగ్రి, శిక్షణ, ఇలా గుచ్చుకున్నప్పుడు మందు అందేలా చూడాలి. 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్సులో సిబ్బందికి హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలని ఉంది. ఇవి కౌన్సెలర్ దగ్గర విని, కాగితం మీద రాసుకుని వచ్చి మా ఓనర్ టేబుల్ మీద పెట్టాను. దాని సంగతి చివర్లో.

మందు సంగతి. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డొల్యుటెగ్రావిర్ 50, మూడూ కలిసిన ఒకటే మాత్ర, టీఎల్‌డీ అంటారు. రోజుకొకటి, 28 రోజులు. పూర్తిగా ఉచితం. మిగతా మాత్రలు ఏఆర్‌టీ సెంటర్లో తీసుకోవాలి. అక్కడ బెంచీ మీద కూర్చున్న గంటన్నర ఈ మొత్తంలో నాకు గట్టిగా గుర్తుండిపోయింది. మాస్కు పెట్టుకుని, చున్నీ తల మీదుగా కప్పుకుని కూర్చున్నాను. ఎదురు బెంచీలో ఒకావిడ. నెలనెలా మా సెంటర్‌కి వచ్చి నా దగ్గరే రక్తం ఇస్తుంది, నరం సన్నమని నన్నే అడిగి మరీ కూర్చుంటుంది. కళ్ళు కలిశాయి. ఇద్దరం తల తిప్పుకున్నాం. తర్వాత నెల ఆవిడ మా సెంటర్‌కి వచ్చినప్పుడు "బాగున్నావా అమ్మా?" అని అడిగింది. "బాగున్నాను పిన్నిగారూ" అన్నాను. అంతకుమించి ఇద్దరం ఏమీ అనుకోలేదు. నేను మామూలుగా ఎలా తీస్తానో అలాగే తీశాను. అలా తీయగలిగినందుకు నాకే ఆశ్చర్యమేసింది.

మొదటి వారం వికారం. రాత్రి పడుకునే ముందు వేసుకుంటే నిద్ర పట్టేది కాదు, పట్టినా పిచ్చి కలలు. డాక్టరుకి చెప్తే పొద్దున టిఫిన్ అయ్యాక వేసుకోమన్నారు. అప్పట్నుంచి నిద్ర కాస్త నయం. నాకు రక్తం తక్కువని ఐరన్ మాత్రలు వేసుకుంటున్నాను. ఐరన్, కాల్షియం, జెలూసిల్ లాంటి గ్యాస్ మందులు దీంతో కలిస్తే ఇది ఒంటికి సరిగ్గా పట్టదు. టీఎల్‌డీ వేసుకున్న రెండు గంటల తర్వాతో, ఆరు గంటల ముందో వాటిని వేసుకోవాలి. ఈ సంగతి నేను అడిగితేనే చెప్పారు. మీరు వేసుకునే మందులన్నీ చీటీ మీద రాసుకుని వెళ్ళండి, చివరికి ఇంట్లో తాగే జెలూసిల్‌తో సహా.

ఇంట్లో మా ఆయనకి ఆ రాత్రే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మాత్ర ఎన్నింటికి?" అని అడిగి ఫోన్లో అలారం పెట్టుకున్నాడు. ఆర్నెల్ల దాకా కండోమ్ వాడమన్నారు, పిల్లల గురించి ఆలోచన ఆపుకోమన్నారు, రక్తదానం చెయ్యొద్దన్నారు. పెళ్ళై రెండేళ్ళు, ఆ సంవత్సరమే పిల్లలు కావాలనుకున్నాం. అత్తయ్యకి ఏం చెప్పాలో తోచలేదు. మాత్రల డబ్బా మీద పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఎవరు ఫోన్లో వెతికినా ఏ మందో ఇట్టే తెలిసిపోతుంది. డబ్బా మార్చకూడదు, తేమ పీల్చే పొట్లం అందులోనే ఉండాలి. పైన తెల్లకాగితం అంటించి "ఐరన్" అని రాశాను. వినాయక చవితి రోజు, ఆగస్టు 27న, ఉండ్రాళ్ళు నోట్లో పెట్టుకోగానే వాంతి వచ్చింది. అత్తయ్య మొహం వెలిగిపోయింది. ఆవిడ ఏమనుకుందో నాకు అర్థమైంది, లేదని చెప్పడానికి గొంతు పెగల్లేదు. మా ఆయనే చెప్పాడు, ఏవో మాత్రలు పడట్లేదని. నాకు ఆ పండగ రోజు కన్నా సూది గుచ్చుకున్న రోజే నయమనిపించింది.

రెండు వారాలకి, సెప్టెంబర్ 1న, లివర్, క్రియాటినిన్ చూసుకోవాలి. పెద్దాసుపత్రిలో అయితే మర్నాడు రమ్మన్నారు. నాకు ఆగాలనిపించలేదు. మా సెంటర్లో చేయిస్తే అందరూ చూస్తారు. అందుకని ఇంకో ప్రైవేటు ల్యాబ్‌కి వెళ్ళి లివర్, క్రియాటినిన్, ఎలక్ట్రోలైట్స్ ఇచ్చాను, పదకొండు వందలు. తీసినవాడు కొత్త కుర్రాడు. సన్నటి బటర్‌ఫ్లై సూదికి పది ఎంఎల్ సిరంజి తగిలించి, ప్లంజర్ గట్టిగా వెనక్కి లాగాడు. నరం మూసుకుపోయి బుడగలు వచ్చాయి. తర్వాత ఇంకో సూది పెట్టి ట్యూబు మూతలోంచి ఫోర్సుగా కొట్టి, దగ్గు మందు సీసా ఊపినట్టు ఊపాడు. నాకు నోటిదాకా వచ్చింది. పేషెంట్‌గా వెళ్ళి పాఠాలు చెప్తే బాగోదని ఊరుకున్నాను.

సాయంత్రం వాట్సాప్‌లో రిపోర్టు. లివర్ దెబ్బతింటే పెరిగే ఎస్‌జీఓటీ 74. చూడగానే చేతులు చల్లబడిపోయాయి. మందు లివర్‌ని కొట్టిందా, హెపటైటిస్ మొదలైందా? రెండు వారాలకే అలా కనిపించదని తెలిసినా, ఆ తెలివి ఆ పూట అక్కరకి రాలేదు. మంచం మీద కూర్చుని మొత్తం రిపోర్టు మళ్ళీ చదివితే, కింద పొటాషియం 6.2, ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువ. లివర్‌దే ఇంకో పరీక్ష ఎస్‌జీపీటీ చూస్తే 33, మామూలే. బిలిరుబిన్ మామూలే. అప్పుడు వెలిగింది. నిజంగా 6.2 ఉన్న మనిషి వాట్సాప్ చూస్తూ మంచం మీద కూర్చుంటే కుదరదు, ఎవరో ఒకరు వెంటనే ఫోన్ చెయ్యాలి. ఎర్ర కణాలు పగిలితే లోపలి పొటాషియం, ఎస్‌జీఓటీ సీరంలోకి వచ్చేస్తాయి. ఎస్‌జీపీటీ అంతగా కదలదు. ఆ ల్యాబ్‌కి ఫోన్ చేసి "సీరం ఏ రంగులో ఉందో కాస్త చూసి చెప్తారా?" అని అడిగాను. అవతలమ్మాయి వెళ్ళి చూసొచ్చి "కొంచెం ఎర్రగానే ఉందండి" అంది. రిపోర్టులో ఎక్కడా శాంపిల్ హీమోలైజ్ అయిందన్న, అంటే ఎర్ర కణాలు పగిలాయన్న ముక్క రాయలేదు. డబ్బులు తిరిగివ్వలేదు, మళ్ళీ ఉచితంగా తీస్తామన్నారు. వద్దన్నాను.

మర్నాడు పొద్దున సీనియర్ అక్కకి విషయం చెప్పాను. ఏడు గంటలకి, ఎవరూ రాకముందే, మా సెంటర్లోనే తీసింది. బెల్టు కట్టి నిమిషం లోపే విప్పేసింది. గుప్పిలి మూసి తెరవమని కూడా అనలేదు, దానివల్లా పొటాషియం పెరుగుతుంది. 21 గేజి సూదితో మెల్లగా లాగింది. సూది తీసేసి, ట్యూబు మూత తెరిచి గోడ వెంట జారేలా పోసింది. మూత పెట్టి ఐదుసార్లు నెమ్మదిగా తలకిందులు చేసి స్టాండులో నిలబెట్టింది. అరగంట. రక్తం పూర్తిగా గడ్డకట్టాకే సెంట్రిఫ్యూజ్ మెషిన్లో గిర్రున తిప్పాలి, లేకపోతే సీరంలో పోగులు వచ్చి మెషిన్ ప్రోబ్‌కి అడ్డుపడతాయి. ఆ అరగంట నేను ట్యూబునే చూస్తూ కూర్చున్నాను. తర్వాత సెంట్రిఫ్యూజ్, 3000 ఆర్‌పీఎం, పది నిమిషాలు. బయటికి తీస్తే కింద ముదురు ఎరుపు, మధ్యలో జెల్, పైన ఎండుగడ్డి రంగులో సీరం. కిటికీ వెలుగుకి పెట్టి చూపించింది. అంకెలు రాకముందే నా ఊపిరి కుదుటపడింది. ఎస్‌జీఓటీ 27, ఎస్‌జీపీటీ 31, పొటాషియం 4.2. క్రియాటినిన్ మాత్రం మొదటి దానికన్నా 0.1 పెరిగింది. డొల్యుటెగ్రావిర్ వల్ల అలా కాస్త పెరుగుతుందని, కిడ్నీ దెబ్బతిన్నట్టు కాదని ఏఆర్‌టీ డాక్టరు తర్వాత చెప్పారు.

నాకు తెలుసు కాబట్టి పొటాషియం చూసి పట్టుకున్నాను. ఆ రిపోర్టు పట్టుకుని ఇంకొకరైతే మాత్రలు మానేసేవారు, లేదా స్కానింగులకి తిరిగేవారు. మన కలెక్షన్ రూమ్‌లో మనం చేసే రెండు నిమిషాల కంగారు అవతల ఇంట్లో ఎన్ని రాత్రులవుతుందో అంతకుముందు నేను ఎప్పుడూ అటువైపు నుంచి చూడలేదు.

ఆఖరి మాత్ర సెప్టెంబర్ 14న. ఆ తర్వాత ఒక్కసారిగా అంతా ఖాళీ అయిపోయినట్టుంది. మందు వేసుకున్నన్నాళ్ళూ ఏదో చేస్తున్నామన్న ధైర్యం ఉండేది. అది అయిపోయాక మిగిలింది ఎదురుచూపే. సెప్టెంబర్ 29న ఆరు వారాల పరీక్ష. వేలు గుచ్చిన దగ్గర్నుంచి ఫలితం చెప్పేదాకా ముప్పావుగంట. నాన్ రియాక్టివ్. నవంబర్ 18న మూడు నెలలది. అదీ నాన్ రియాక్టివ్. అప్పటికే దాదాపు ఖాయమైనట్టేనని కౌన్సెలర్ చెప్పారు, ఆరు నెలలది మాత్రం మానొద్దన్నారు. ఆ రోజే అత్తయ్యకి జరిగిందంతా చెప్పాం. ఆవిడ కోపగించుకుంది, సూది మీద కాదు, మూడు నెలలు దాచినందుకు.

ఖర్చుల మాటకొస్తే, పెద్దాసుపత్రిలో ఒక్క రూపాయి కాలేదు. బయట టైటర్, ఆ పాడైన రిపోర్టు, ఆటోలు కలిపి మూడు వేల లోపు. అసలు దెబ్బ జీతంలో పడింది. ఆసుపత్రికి వెళ్ళిన రోజులు లాస్ ఆఫ్ పే వేశారు. నీడిల్ స్టిక్‌ని ఆన్ డ్యూటీగా చూడాలని రాతపూర్వకంగా అడిగితే మూడు వారాలు జవాబు లేదు. ప్రమాదం జరిగిన రోజే రిజిస్టర్లో రాయించి ఫోటో తీసి పెట్టుకున్నాను. అది చూపించాక అక్టోబర్ జీతంలో కలిపారు. మా సెంటర్లో అలాంటి రిజిస్టరే లేదు, అక్క ఒక పాత నోటుబుక్కు మీద గీతలు గీసి ఆ పొద్దున్నే తయారుచేసింది.

మళ్ళీ సూది పట్టుకోవడానికి కొంత టైము పట్టింది. మొదటి వారం రిసెప్షన్లో బిల్లులు కొట్టాను. తర్వాత కూర్చున్నాను గానీ, జ్వరంతో వణుకుతున్నవాళ్ళు వస్తే ఇప్పటికీ ఒంటరిగా తీయను. చెయ్యి దిండు మీద పెట్టించి, మోచెయ్యి దగ్గర ఇంకొకర్ని పట్టుకోమంటాను. ఆలస్యమవుతుందని ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనీ.

ఓనర్ టేబుల్ మీద పెట్టిన కాగితానికి ఫలితం సగమే. హోల్డర్లు ఇంకా రాలేదు, కొటేషన్ తెప్పించామంటున్నారు. సూది తీసిన వెంటనే మూసుకునే సేఫ్టీ సూదుల ధర చూసి నవ్వేశారు. కానీ ప్రతి కుర్చీ పక్కనా ఒక తెల్ల షార్ప్స్ డబ్బా వచ్చింది, ముప్పావు వంతు నిండగానే మారుస్తున్నారు. గోడ మీద కాగితం పడింది, ఎక్కడికి వెళ్ళాలో, ఎన్ని గంటల్లో వెళ్ళాలో, 1097 హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ నంబరుతో సహా. జనవరిలో స్టాఫ్ అందరికీ టైటర్ చేయించారు, సగం డబ్బులు మావి. ఇద్దరికి పది కన్నా తక్కువ వచ్చింది. అందులో ఒకరు సీనియర్ అక్క. పదిహేనేళ్ళుగా రక్తం తీస్తోంది, టీకా వేయించుకున్నానన్న నమ్మకంతోనే. ఇద్దరికీ మళ్ళీ మొదటి డోసు పడింది. రెండో డోసు వచ్చే నెల మొదట్లో, మూడోది అయ్యాక నెలకి మళ్ళీ టైటర్ చూడాలి. ఆ తేదీలు కూడా గోడ మీది కాగితం కింద రాసి పెట్టాను.